ఆవు కడుపులో అయస్కాంతం

నిన్న మధ్యాహ్నం మందుల పార్సెల్‌తో పాటు వచ్చిన అట్టపెట్టె విప్పి, అందులో జంటగా అతుక్కుని ఉన్న రెండు అయస్కాంతాలను విడదీయబోయాను. పొద్దుటి నుంచి ఆవులకు చూడి పరీక్షలు చేసి చేసి కుడి భుజం లాగేస్తోంది. వేళ్ళలో పట్టు లేదు. అవి జారి, టక్కుమని మళ్ళీ కలుసుకున్నాయి. మధ్యలో నా బొటనవేలి చర్మం చిక్కుకుంది. విడిపించుకునేసరికి కందిగింజంత మేర రక్తం నల్లగా గూడుకట్టింది. నొప్పి కంటే ముందు మా పాత కాంపౌండరు సింహాచలం గారి గొంతు గుర్తొచ్చింది. "లాగకండమ్మా, పక్కకి జరపండి. లాగితే లొంగవు, జరిపితే ఒదులుతాయి." పంతొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి ఇలాగే వేలు నలగ్గొట్టుకున్నప్పుడు ఆయన అన్న మాట అది. ఆ మనిషి పోయి రెండేళ్ళయింది. నేను మాత్రం ఇంకా లాగుతూనే ఉన్నాను.

పశువుల డాక్టరుకి అయస్కాంతంతో ఏం పని అని అడిగేవాళ్ళుంటారు. ఆవు మనలా చూసుకుని, నమిలి తినదు. గడ్డిని నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటుంది, తర్వాత తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గడ్డిలో మేకో తీగముక్కో ఉంటే అదీ లోపలికి పోతుంది. బరువుగా ఉన్నవన్నీ పొట్టలోని రెండో గదిలో, తేనెపట్టు గళ్ళలాంటి గోడలున్న చిన్న సంచిలో, పడి ఉండిపోతాయి. ఆ సంచికీ గుండెకీ మధ్య దూరం చాలా తక్కువ. సంచి ముడుచుకున్నప్పుడల్లా తీగముక్క కొద్దికొద్దిగా ముందుకి గుచ్చుకుంటూ పోతుంది. అందుకని చూపుడువేలంత అయస్కాంతాన్ని ఆవు చేత మింగిస్తాం. అది ఆ సంచిలోనే పడి, ఆవు బతికినంతకాలం ఉంటుంది. వచ్చిన ఇనుమునల్లా తన ఒంటికి అంటించుకుని కదలకుండా పట్టి ఉంచుతుంది. మా కాలేజీ పుస్తకంలో దీని గురించి రెండు పేరాలుండేవి. పరీక్షలో ఒకసారి రాశాను కూడా. రాసి మరిచిపోయాను.

మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఇంట్లో వలలూ పడవా తప్ప పాడి ఎరగం. గరివిడి దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో పశువుల ఆసుపత్రికి నన్ను వేసినప్పుడు, ఆవు దగ్గరికి ఏ పక్క నుంచి వెళ్ళాలో కూడా ఆలోచించుకుని వెళ్ళేదాన్ని. అక్కడ కాంపౌండరు సింహాచలం గారు. సన్నటి మనిషి, యాభై దాటాయి, కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టుకుని తిరిగేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే డాక్టరు. నేను సంతకాలు పెట్టే మనిషిని. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా నాకు తెలియనివ్వలేదు. నేనే తెలుసుకున్నాను.

చేరిన నెలలోనే ఒక ముసలి రైతు ఆవును తోలుకొచ్చాడు. మేత ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి. అజీర్ణం అనుకుని మూడు రోజులు పొడులు ఇచ్చాను. నాలుగో రోజు ఆవు ఇంకా డీలా పడి వచ్చింది. అంతవరకూ పక్కన నిలబడి ఏమీ అనని సింహాచలం గారు రైతుతో "ఓపాలి ఆ దిగువకి తోలు" అన్నారు. ఆసుపత్రి ముందు చిన్న వాలు ఉండేది. ఆవు వీపు గూనిలా ఎత్తి, ముందుకాళ్ళ మోచేతులు ఎడంగా పెట్టి, ఒక్కో అడుగుకీ మూలుగుతూ దిగింది.

"సూసేరా అమ్మా. ఎక్కినప్పుడు మూలగనేదు, దిగతన్నప్పుడు మూలుగుతన్నాది. లోపల ఏదో ముందుకి పొడస్తన్నాది."

ఆయన చొక్కా జేబులోంచి చిన్న దిక్సూచి తీశారు. దిక్సూచి నాకు కొత్త కాదు. మా నాన్న పడవలో ఉండేది. దాని దగ్గర కత్తి కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఈయన దాన్ని ఆవు ఎడమ మోచేతి వెనకాల, రొమ్ము దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకున్నారు. ముల్లు కదలలేదు, ఉత్తరాన్నే చూపిస్తోంది. "లోపల అయస్కాంతం నేదు. ఎయ్యాల" అని, ఆవు నోరు పట్టించి, పొడవాటి గొట్టంతో ఒకటి గొంతులోకి జార్చారు. నేను మందు సూదులు ఇచ్చాను. ముందుకాళ్ళు ఎత్తు మీద ఉండేలా మట్టి దిబ్బ కట్టి రెండు రోజులు దాని మీదే నిలబెట్టించారు. మూడో రోజు ఆవు నెమరు వేస్తూ వచ్చింది. ఆయన మళ్ళీ దిక్సూచి పట్టుకున్నారు. ఈసారి ముల్లు వణికి, గిర్రున తిరిగి, ఆవు రొమ్ము వైపు నిలబడింది. తోలు, కండ, పక్కటెముక, పొట్ట గోడ, ఇన్నిటికీ అవతల ఉన్న వేలెడు ఇనుము దాన్ని లాగుతోంది. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే ఆయన నవ్వారు. "మాంసం దానికి అడ్డు కాదమ్మా. ముల్లు కూడా బుల్లి అయస్కాంతమే గదా. భూమి లాగుతాది, ఇదీ లాగుతాది. దగ్గరున్నదాని మాట ఇంటాది."

ఆ మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి. పక్కనున్న వెల్డింగ్ షాపు నేల మీద ఇనుప పొడి ఊడ్చి తెచ్చి, రిజిస్టరు అట్ట మీద తెల్లకాగితం పరిచి, అట్ట కింద అయస్కాంతం పెట్టి, పైన పొడి చల్లారు ఒక రోజు. వేలితో అట్టను తడితే పొడి లేచి కుదురుకుంది. ఒక కొస నుంచి బయల్దేరి, వంపు తిరిగి, రెండో కొసకు చేరే గీతలు. కొసల దగ్గర చిక్కగా, నడుమ దగ్గర పలచగా, దూరం పోయేకొద్దీ అసలు లేకుండా. ఒక్కో రవ్వ తానూ ఒక అయస్కాంతమైపోయి ముందున్న రవ్వ తోక పట్టుకుంటుందని, అందుకే వరస కడతాయని చెప్పారు. "గీతలు నిజంగా ఉన్నాయాండీ అక్కడ?" అని అడిగాను. "నానూ అడిగేనమ్మా ఒక ఇంజనీరుని. గీతలు మనం సూసుకోడానికి, బలం మాత్రం నిజం, అంతటా పరుసుకుని ఉంటాది అన్నాడు. ఇదిగో, జానెడు దాటితే పొడి కదలతన్నాదా? నేదు. దానికి అందినదాన్నే పట్టుకుంటాది."

తర్వాత ఇద్దరం ఆసుపత్రిలో ఏది అంటుకుంటుందో ఏది అంటుకోదో చూస్తూ తిరిగాం. కత్తెర అంటుకుంది. బీరువా అంటుకుంది. టీ తాగే స్టీలు గ్లాసు అంటుకోలేదు. రాగి తీగ, అల్యూమినియం గిన్నె సరేసరి. ఇంజెక్షన్ సూదుల డబ్బా వైపు మాత్రం ఇద్దరం చూడలేదు.

ఈ విద్య ఆయనకు ఎక్కడిదో చాలా రోజులకు గానీ తెలియలేదు. ఉద్యోగం రాకముందు ఒడిశా సరిహద్దు అవతల పాత ఇనుము గోదాములో కూలి చేశారట. అక్కడ క్రేనుకి బండిచక్రమంత అయస్కాంతం వేలాడేది. కరెంటు ఇస్తే టన్నుల కొద్దీ తుక్కు ఎత్తేది. అదెలా పనిచేస్తుందో చూపించడానికి పెద్ద మేకుకి కాలిన మోటారులోని రాగి తీగ చుట్టి, కొసలు గీకి, టార్చిలైటు బ్యాటరీకి తగిలించారు. మేకు గుండుసూదుల్ని ఎత్తింది. తీగ తీసేయగానే అన్నీ టపటపా రాలిపోయాయి. "ఇనుము లోపల బుల్లి బుల్లి అయస్కాంతాలు ఎటెటో తిరిగి పడుంటాయంట. తీగలో కరెంటు పారితే అన్నీ ఒక దిక్కుకి తిరుగుతాయి. ఆపితే మల్లీ ఎవులి దారి వాలదే. ఆవుకేసేది అలగ కాదు, ఒకపాలి తిరిగినయ్యి తిరిగే ఉంటాయి. దానికి కరెంటు అక్కర్నేదు."

గుండుసూదులు ఏరుతూ ఆగారు. "ఒకరోజు కరెంటు పోనాది. బరువు గాల్లో ఉన్నాది. కింద నాను అప్పుడే పక్కకి జరిగేను, నా ఎనకాలోడు జరగనేదు." అంతే చెప్పారు. వెనకాల ఉన్నవాడు ఎవరని నేను అడగలేదు. మిగిలిన సూదులు ఏరి డబ్బాలో వేసి, మూత పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళారు.

పైడమ్మ సంగతి ఆ మరుసటి ఏడాది. ఆమె ఊరి చివర ఉండే ఒంటరి మనిషి. ఒక్క జెర్సీ ఆవు మీద బతికేది. ఆ రోజుల్లో పాకలన్నీ తీసి స్లాబులు వేస్తున్నారు. స్లాబు ఊచలు కట్టే సన్న తీగముక్కలు ఎక్కడ చూసినా పడి ఉండేవి, గడ్డిలో కూడా. సింహాచలం గారు ఇల్లిల్లూ తిరిగి, పాడి ఆవులకు జబ్బు రాకముందే అయస్కాంతాలు వేయించేవారు. పైడమ్మ ఆవుకి వేసిన రోజు నేనూ ఉన్నాను. ఆవు గింజుకుంటుంటే ఆమె కంగారుపడి, "ఏటవుద్దో, ఏటో" అని గొణుక్కుంటోంది. ఆయన గొట్టం కడుగుతూ ధైర్యం చెప్పారు. "ఇంక నీకు భయం నేదు పైడమ్మా. నాను ఏసేను గదా."

కొన్ని నెలల తర్వాత గాలికుంటు టీకాలు మొదలయ్యాయి. ఎండ, ధూళి, ఒక్కో వీధికి నలభై, యాభై పశువులు. పైడమ్మ పొలం వెళ్ళింది, పాకలో ఆవు ఒక్కటే ఉంది. సింహాచలం గారు పక్క ఇంట్లో ఉన్నారు. నేను సూది గుచ్చగానే ఆవు ఒక్క గెంతు గెంతింది. సిరంజి నా చేతిలో ఉంది, దాని మొనకు సూది లేదు. ఆవు మెడ మీదా లేదు. కింద ఎండుగడ్డి. కాసేపు వెతికాను. బహుశా అయిదు నిమిషాలు. నడుము విరిగిపోతోంది, అవతల వీధిలో జనం పశువుల్ని పట్టుకుని నిలబడి పిలుస్తున్నారు. పాక పక్కనున్న మురికి కాలువలోకి జారిపోయి ఉంటుందనుకుని, ఇంకో సూది తగిలించుకుని టీకా వేసి వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలకు పైడమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆవు మేత ముట్టడం లేదు. సింహాచలం గారు అప్పుడు సెలవులో ఉన్నారు, భార్యను విశాఖపట్నం ఆసుపత్రిలో చూపించడానికి వెళ్ళారు. నేనే వెళ్ళాను. ఆయన నా కోసం కొనిచ్చిన దిక్సూచి రొమ్ము దగ్గర పట్టుకున్నాను. ముల్లు గిర్రున తిరిగింది. అయస్కాంతం ఉంది, కాబట్టి తీగ జబ్బు కాదు. అంత సులువుగా తేల్చేశాను. జ్వరానికి మందు ఇచ్చాను. మూలుగు వినిపించింది, అయినా ముల్లు చెప్పిందే నమ్మాను. సూది సంగతి గుర్తు రాలేదు. గుర్తు రాలేదనే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆరో రోజు మెడ కింద నీరు దిగి ఉబ్బింది. ఎనిమిదో రోజు ఆవు పోయింది.

సింహాచలం గారు ఆ ఉదయమే తిరిగొచ్చి, బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. ఊరి బయట బీడులో ఆవును కోసి చూశాం. పైడమ్మను ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. కొంచెం దూరంలో, గట్టు మీద నిలబడింది. పొట్టలోని ఆ చిన్న సంచి తెరిస్తే అయస్కాంతం బయటపడింది. ఒళ్ళంతా తీగముక్కలు, ఒక మేకు, గోటి ముక్కంత ఇనుప రేకు. ఒక్కటీ జారనివ్వకుండా పట్టుకుంది. దాని పని అది చేసింది. దానికి బెత్తెడు దూరంలో, సంచి గోడలోంచి గుండె వైపు దూరి, సూది ఉంది. ఇత్తడి తల ఉన్న సూది. చుట్టుపక్కల అలాంటివి మా ఆసుపత్రిలో తప్ప ఎక్కడా ఉండవు. గుండె చుట్టూ చీము.

ఆయన సూదిని బయటికి తీసి, నీళ్ళతో కడిగి, అరచేతిలో పెట్టుకుని అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చారు. సూది కదలలేదు. ఆనించి ఎత్తారు. అయస్కాంతం ఒక్కటే పైకి వచ్చింది.

"తల ఇత్తడి. మొన తుప్పు పట్టని ఇస్టీలు. ఇనుమే గానీ, ఏటో కలిపేరు, దీని మాట ఇనదు. మన గలాసు లాగే." నా వైపు చూశారు. "ఎప్పుడు పడ్డాది?"

చెప్పాను. ఆయన గట్టు వైపు చూసి, "ఆ మనిసికి సెప్పాల" అన్నారు.

తల ఊపాను. చేతి తొడుగులు తీసేశాను. గట్టు వైపు రెండు అడుగులు వేశాను. అక్కడే ఆగిపోయాను. పైడమ్మ నా మొహంలోకి చూస్తోంది, నేను ఆమె పాదాల దగ్గరి మట్టిని చూస్తున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. వెనక నుంచి సింహాచలం గారు వచ్చి అరచెయ్యి చాపారు.

"పైడమ్మా, ఇది మా ఆసుపత్రి సూది. టీకాలు ఏసినప్పుడు నీ పాకలో పడిపోనాది. మావు ఎతికి తియ్యనేదు. ఆవు దీనివల్లే పోనాది."

ఆమె సూదిని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. "నువ్వు అయస్కాంతం ఏసినావు గదా సిమాసలం బావా. ఇంక భయం నేదన్నావు గదా."

"అన్నాను. అనకూడదు. అది ఇనుముని పట్టుకుంటాది గానీ అన్నిట్నీ పట్టుకోదు. నాకు తెలిసే అన్నాను."

"డాక్టరమ్మా, నువ్వేటీ సెప్పవేటి?" అంది నాతో.

"సూది నా చేతిలోంచి పడింది పైడమ్మా. వెతకడం మానేసింది నేనే. జబ్బు కూడా పోల్చుకోలేకపోయాను" అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అప్పుడు అనిపించింది. కొంగు దులుపుకుని, గట్టు దిగి, ఊరి వైపు నడిచి వెళ్ళిపోయింది.

శవ పరీక్ష నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు కలం రెండుసార్లు ఆగింది. అన్యవస్తువు అని రాస్తే సరిపోతుంది. అబద్ధం కాదు, ఎవరూ అడగరు. సింహాచలం గారు గుమ్మంలో కూర్చుని గొట్టం తుడుస్తున్నారు. "ఏం రాయమంటారు?" అని అడిగాను. "రాసేది మీరమ్మా. నాను సంతకం కూడా ఎట్టను గదా" అన్నారు, తల ఎత్తకుండా. ఇంజెక్షన్ సూది అని రాశాను. ఎవరి సూదో కూడా రాశాను. దాని మీద సంజాయిషీ అడిగారు, విచారణ జరిగింది, ఆ తర్వాత నన్ను జిల్లా అవతలి కొసకు మార్చారు. పైడమ్మకి ఆవు మీది బీమా డబ్బు ఆలస్యంగా వచ్చింది. ఆమె మళ్ళీ ఆవును కొనలేదు, మేకలు పెంచుకుంది.

బదిలీకి ముందు మిగిలిన కొన్ని నెలల్లో ఆయన రెండు పనులు చేశారు. టీకాలకు బయల్దేరే ముందు సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసేవారు. ఇంటింటికీ మళ్ళీ లెక్కపెట్టేవారు. ఒకటి తక్కువైతే అది దొరికేదాకా అడుగు ముందుకు వేసేవారు కాదు, ఎండలో ఎంతమంది అరుస్తున్నా సరే. ఇక అయస్కాంతం వేసిన ప్రతి ఇంట్లోనూ, అది ఏమేం పట్టుకోదో ముందు చెప్పేవారు. రాగి పట్టుకోదు, ఇత్తడి పట్టుకోదు, కొన్ని స్టీళ్ళు పట్టుకోదు, దూరంగా ఉన్నదాన్ని పట్టుకోదు, పొట్ట గోడ దాటి బయటికి పోయినదాన్ని వెనక్కి లాగలేదు. "అయితే ఎందుకేటి ఏయించడం?" అని కొందరు వెనక్కి తగ్గేవారు. ఆయన బతిమాలేవారు కాదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి అదే మాట మొదటి నుంచి చెప్పేవారు. నేను చూసిన పనులన్నిటిలో ఎక్కువ అలసట పుట్టించే పని అది. నిజం చెప్పి, ఆ తర్వాత కూడా జనాన్ని ఒప్పించడం.

చివరిసారి చూసింది బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో. రిటైరై చాలా ఏళ్ళయింది. కొత్తరకం అయస్కాంతాలు వచ్చాయి, చిన్నవి, పాతవాటికి మూడింతల బలం. ఆయనకు చూపిస్తే సంతోషిస్తారని బ్యాగులో వేసుకుని వెళ్ళాను. నేను పొట్లం విప్పుతుంటే ఆయన గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "దూరంగా ఎట్టండమ్మా. గుండెకి మిషను ఎట్టేరు. దగ్గరకొస్తే దాని నడక మారిపోద్దంట." చొక్కా గుండీ తీసి, ఎడమ భుజం కింద అగ్గిపెట్టెలా ఉబ్బిన చర్మం చూపించారు. నేను కంగారుగా పొట్లాన్ని వీధి అరుగు మీద పెట్టి వచ్చాను. ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వి నవ్వి ఆయాసపడ్డారు. "బతుకంతా సేతిలో ఎట్టుకు తిరిగేను. ఇప్పుడు సూపు తోటే సరి."

టీ తాగాక, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగాను. "ఆ రోజు పైడమ్మ దగ్గర మీరెందుకు చెప్పారు? నేను చెప్పాల్సింది. మా సూది అన్నారు. మీరు ఆ పాకలోనే లేరు కదా."

ఆయన గ్లాసు కింద పెట్టారు. నన్ను కాపాడడానికి అని అంటారేమో అనుకున్నాను. పెద్దవాళ్ళు అలాంటప్పుడు అలాంటి మాటలే అంటారు.

"మీరు సెప్తారని ఆగేను. మీరు సెప్పనేకపోతన్నారు. ఎండలో ఆ మనిసి నిలబడున్నాది. పొద్దున్నుంచి ఏటీ తిననేదు కూడాను. ఎంతసేపని నిలబెడతామమ్మా?"

అంతకు మించి ఏమీ లేదు. ఆయన భార్య లోపలి నుంచి ఏదో పిలిస్తే గోడ పట్టుకుని లేచి వెళ్ళారు.

ఈ ఉద్యోగంలో చెడ్డ కబురు చెప్పడం వారానికోసారైనా తప్పదు. అలవాటవుతుందంటారు, నాకు కాలేదు. మాటలు కూడగట్టుకోవాలని, ముందు కొంచెం కూర్చోవాలని, మొహం కడుక్కోవాలని ఇప్పటికీ ఉంటుంది. పోయిన వారం ఒక ఇంట్లో గేదె ఈనలేక అవస్థ పడింది. నాకు వేరే ఊళ్ళో పని ఉండి, కబురు వచ్చిన మర్నాడు గానీ వెళ్ళలేకపోయాను. చెయ్యి పెట్టి చూస్తే దూడ అప్పటికే పోయింది. ఆ ఇంటి కోడలు బకెట్లో నీళ్ళు, సబ్బు పట్టుకుని, నా వెనకాలే నిలబడి ఉంది. "దూడ పోయిందమ్మా. నిన్న వచ్చి ఉంటే బతికేదేమో. నేను ఆలస్యం చేశాను" అన్నాను. ఆమె బకెట్టు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఆ తర్వాత కడుక్కున్నాను.